నిపుణ వ్యవస్థల తయారీ – 6వ పాఠం: పాత నియమాన్ని కదపకుండా సరిదిద్దడం

థైరాయిడ్ రిపోర్టు చదివి వ్యాఖ్య రాసే చిన్న నిపుణ వ్యవస్థ (నియమాల సాయంతో నిపుణుడిలా తీర్పు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం) కిందటి పాఠంలో తయారైంది. ఇవాళ దాన్ని సరిదిద్దుదాం. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది.

మన మొదటి నియమం ఇది: టీఎస్‌హెచ్ ఎక్కువగా, టీ4 తక్కువగా ఉంటే "హైపోథైరాయిడిజం", అంటే థైరాయిడ్ మందగించడం. (టీ4 థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోను, టీఎస్‌హెచ్ ఆ గ్రంథిని పనిచేయించే హార్మోను.) ఈలోగా టీ4 లోటు తీర్చే థైరాక్సిన్ మాత్రలు వాడుతున్న ఒకరి రిపోర్టు వచ్చిందనుకోండి. జబ్బు ఉందని డాక్టరుకు ముందే తెలుసు. ఆయనకు కావాల్సింది "మోతాదు చాలడం లేదు" అన్న మాట. వెంటనే చెయ్యి మొదటి నియమం మీదికే పోతుంది, "థైరాక్సిన్ వాడకపోతే" అని ఓ షరతు ఇరికిద్దామని. రేపు గర్భిణి రిపోర్టు వస్తే ఇంకో షరతు. ఏది ఎవరి కోసం పెట్టామో కొన్నాళ్లకు మనకే తెలియదు. ఒకటి మారిస్తే నిన్నటిదాకా సరిగ్గా వచ్చిన వ్యాఖ్యలు తప్పుతాయి.

సిడ్నీలోని గార్వన్ వైద్య పరిశోధన సంస్థ 1980లలో వాడిన గార్వన్-ఈఎస్1 అనే నిపుణ వ్యవస్థ కూడా థైరాయిడ్ రిపోర్టులదే. దాని నియమాలూ ఇలాగే ఉబ్బిపోయాయి. అక్కడ పనిచేసిన పాల్ కాంప్టన్ ఒక సంగతి పట్టుకున్నాడు. నిపుణుణ్ణి అడిగితే తన విద్యంతా విప్పి చెప్పడు, ఎదురుగా ఉన్న కేసులో తన తీర్పు ఎందుకు సరైనదో సమర్థించుకుంటాడు. కాబట్టి ఏ సందర్భంలో చెప్పిన మాటను ఆ సందర్భానికే కట్టి ఉంచాలి. రిపుల్ డౌన్ రూల్స్ పద్ధతి అలా పుట్టింది.

మన నియమం ఇలా మారుతుంది:

1. టీఎస్‌హెచ్ ఎక్కువ, టీ4 తక్కువ → హైపోథైరాయిడిజం
  1.1 అయితే థైరాక్సిన్ వాడుతుంటే → మోతాదు చాలడం లేదు

మొదటి వాక్యంలో అక్షరం కూడా మారలేదు. తప్పు చెప్పిన నియమం కిందే మినహాయింపు వేలాడుతుంది. దాన్ని పుట్టించిన కేసును కూడా పక్కనే దాచాలి, ఇది తప్పనిసరి. ఈసారి 1.1 తప్పు చెబితే, దాచిన కేసునూ కొత్త కేసునూ పక్కపక్కన పెట్టి తేడాలు చూపించాలి. ఆ తేడాల్లోంచే కొత్త షరతు ఎంచుకోవాలి. అప్పుడు ఆ పాత కేసు చెడదు.

సిడ్నీలోనే సెయింట్ విన్సెంట్ ఆసుపత్రిలో, 1990ల మొదట్లో, పియర్స్ అనే వ్యవస్థకు పాథాలజిస్టే ఇలా రెండు వేల దాకా నియమాలు చేర్చారు. ప్రోగ్రామర్ల అవసరం పడలేదు.

లోపం లేకపోలేదు. ఒకే మినహాయింపును నాలుగు చోట్ల రాయాల్సి రావచ్చు. నన్నడిగితే, షరతులు చిక్కుపడటం కన్నా రాసిందే రాయడం నయం.

అభ్యాసం: థైరాక్సిన్ మొదలుపెట్టి రెండు వారాలే అయిన వ్యక్తికి 1.1 "మోతాదు చాలడం లేదు" అంది. టీఎస్‌హెచ్ కుదుటపడటానికి ఆరు వారాలదాకా పడుతుంది. కొత్త నియమాన్ని ఎక్కడ వేలాడదీస్తారు? 1.1తో దాచిన కేసులో మాత్రలు మొదలుపెట్టిన తేదీ లేకపోతే ఏం చేస్తారు?