పక్క ప్లాట్ కంచె మన హద్దు దాటితే ఏం చేయాలి

మాకు బోడుప్పల్‌లో 200 గజాల ప్లాట్ ఉంది. మా ఆయన పీఎఫ్ లోన్ పెట్టి కొన్నాం. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుంటూ పండగకో పబ్బానికో వెళ్లి చూసొచ్చేవాళ్లం. ఒకసారి వెళ్లేసరికి దక్షిణం వైపు ప్లాట్ ఆయన కడీలు పాతి జాలీ బిగించేశాడు. ఉత్తరం వైపు ఇంటి గోడ నుంచి టేపు పట్టి చూస్తే 30 అడుగులు ఉండాల్సిన ముందు భాగం 28న్నరే వచ్చింది. అడుగున్నరే కదా అనిపిస్తుంది. 60 అడుగుల పొడవునా అడుగున్నర అంటే 90 చదరపు అడుగులు, అంటే 10 గజాలు. మీ ఏరియాలో గజం రేటు వేసి చూసుకోండి.

మా మరిది అప్పటికప్పుడు గడ్డపార తెచ్చి కడీలు పీకేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు, మీరూ ఆ పని చేయకండి. హద్దు మనదే అయినా పీకిన కడీలు, తెగిన జాలీ ఆయనవి. పోలీసు కంప్లయింట్ మన మీదే పడుతుంది. ఆ రోజు చేయాల్సిందల్లా నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోవడం, టేపు మీద అంకెలు కనిపించేలా ఒకటి రెండు దగ్గరగా తీసుకోవడం.

తర్వాత కాగితాలు. సేల్ డీడ్ చివర షెడ్యూల్‌లో నాలుగు దిక్కుల హద్దులు, కొలతలు ఉంటాయి. గజాలు ఒక్కటే చూసి వదిలేయకండి, ఏ వైపు ఎన్ని అడుగులో చూడండి. లేఅవుట్ (ప్లాట్లు విడగొట్టిన నక్షా) కాపీ సంపాదించండి. పక్కాయన డాక్యుమెంట్ కూడా కావాలి. రిజిస్టరైన సేల్ డీడ్ సర్టిఫైడ్ కాపీని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు. ఆ డాక్యుమెంట్ నంబరు ఈసీలో, అంటే ఆ ప్లాట్ మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో ఉంటుంది.

అసలు పని కొలతలో ఉంది. పక్కింటి గోడ నుంచి కొలిచింది రుజువు కాదు, ఆ గోడే తప్పు చోట ఉండొచ్చు. లేఅవుట్‌లో ఒక వరస ప్లాట్లన్నీ మూల మీద ఉన్న మొదటి రాయి నుంచే లెక్క. మాది మూల నుంచి నాలుగోది. అంటే మూల రాయి నుంచి 90 అడుగుల దగ్గర మా ప్లాట్ మొదలై 120 దగ్గర అయిపోవాలి. లైసెన్స్ ఉన్న సర్వేయర్‌ని మాట్లాడుకుని, ముందే పక్కాయనకు ఫోన్ చేశాను. ‘అన్నా, ఆదివారం పొద్దున సర్వేయర్ వస్తున్నాడు, మీరూ దగ్గరుండి చూస్కోండి’ అన్నాను. ఆయన లేకుండా కొలిపిస్తే ఆ కొలతను ఆయన ఎందుకు ఒప్పుకోవాలి?

సర్వేయర్ వచ్చి నేరుగా మా ప్లాట్‌కి రాలేదు. మూలకి వెళ్లి, పిచ్చిమొక్కలు కొట్టించి, గడ్డపారతో తవ్వించాడు. అడుగు లోతున రాయి తగిలింది. మట్టి తుడిస్తే పైన తెల్ల పెయింట్ మరక ఇంకా ఉంది. ఆ రాయికి అడుగున్నర అవతల, రోడ్డు వైపు మోరీ అంచు ఉంది. పక్కాయన మేస్త్రీ ఆ మోరీ అంచునే హద్దనుకుని అక్కడి నుంచి టేపు లాగాడట. రాయి నుంచి కొలిస్తే 120 రావాల్సిన చోట కంచె 118న్నర దగ్గర ఉంది. ఆయన మొహం పాలిపోయింది. ‘అక్కా, నా జాగా పోతదా?’ అన్నాడు. సర్వేయర్ ఆయన్ని దక్షిణం చివరికి తీసుకెళ్లి చూపించాడు. అటు వైపు కూడా కంచె అడుగున్నర ఇవతలే ఉంది, ఆయన సొంత జాగా బయట పడి ఉంది. కంచె జరిపితే ఆయనకు గజం కూడా తగ్గదు. సగం గొడవ అక్కడే తీరింది. అందుకే మాట్లాడే ముందు కొలవమని అంత గట్టిగా చెప్తున్నాను. కొలత లేకుండా వెళ్లి ఉంటే నేను ఆయన్ని దొంగ అనేసేదాన్ని.

ఒప్పుకున్నారంటే ఆ వేడి మీదే రాసుకోండి. స్కెచ్ వేసి, కొలతలు రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, ఇద్దరు సాక్షులతో పెట్టించండి. కంచె జరిపే ఖర్చు మేం చెరి సగం పెట్టుకున్నాం. న్యాయంగా ఆయనే పెట్టుకోవాలి, కానీ రేపు పక్కపక్కన బతకాల్సినవాళ్లం. ఆ ముక్క ఆయనకే అమ్మేద్దాం అనుకుంటే మాత్రం తెల్ల కాగితం పనికిరాదు, రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే.

మాట వినకపోతే లాయర్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కోర్టుకి వెళ్లే ముందే న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టి లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించొచ్చు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, ఈ సంగతి చాలామందికి తెలియదు. చివరికి సివిల్ కోర్టే. కంచె తీయించమని, జాగా అప్పగించమని దావా వేస్తే, కోర్టు అడ్వొకేట్ కమిషనర్‌ని (ఆ పనికి కోర్టే నియమించే లాయర్‌ని) పంపి కొలిపించొచ్చు. పోలీసులు హద్దు తేల్చరు. బెదిరింపులు, కొట్లాట ఉంటేనే 112కి ఫోన్ చేయండి.

వీటన్నిటికీ గడువు ఉంది. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, ఇంకొకరు మన జాగాని తనదేనని బాహాటంగా 12 ఏళ్లు అనుభవిస్తే తిరిగి తెచ్చుకునే హక్కు మనకు పోవచ్చు. అమెరికాలో ఉండి ఇక్కడ ప్లాట్ కొన్న పిల్లలకు ఇదే చెప్తుంటాను: ఏడాదికోసారైనా ఎవరో ఒకర్ని పంపి నాలుగు మూలల ఫొటోలు తీయించుకోండి.

కంచె జరిపిన రోజే మేం నాలుగు మూలలా కొత్త రాళ్లు వేయించాం. రెండడుగుల లోతు తవ్వించి, సిమెంటు పోసి, పైన ఎర్ర పెయింట్ వేయించాను. పక్కన టేపు పెట్టి తీసిన ఫొటోలు, సంతకాల కాగితం ఇప్పుడు సేల్ డీడ్ కవర్లోనే ఉన్నాయి.