హిమానీ సరస్సుకు చిన్న ట్రెక్కు – నాలుగో పాఠం: బస్సులో గడిచిన రాత్రి లెక్కలోకి రాదు

ఈ వారం సామాను సర్దుకోవడం గురించి రాయాల్సింది. మన ట్రెక్కు హిమాచల్‌ప్రదేశ్‌లో మనాలికి పైనున్న బియాస్ కుండ్ అనే హిమానీ సరస్సుకు. దానికి మీ ప్రయాణ పట్టికలు రాసి పంపమని మూడో పాఠం చివర అన్నాను. అవి చదివాక సామాను సంగతి వాయిదా వేయక తప్పలేదు. ఎక్కువమంది ఒకే చోట తప్పటడుగు వేశారు. మనాలి బజారులో కొనుక్కుంటే తీరిపోయే తప్పు కాదది.

ముందు, ఎత్తులో ఆక్సిజన్ చాలక వచ్చే ఎత్తు జబ్బు తగలకుండా నేను చెప్పిన మాటను నేనే సరిచేసుకోవాలి. ‘3,000 మీటర్లు దాటాక, ఏ రాత్రి పడుకునే చోటి ఎత్తయినా ముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి పెరగకూడదు’ అని పోయినసారి రాశాను. ఆ వాక్యం సరైనదే కానీ సగం మాటే. కింది నుంచి ఒక్క ఊపున వెళ్లి 3,300 దగ్గర పడుకుంటే ‘3,000 మీద 300 మాత్రమే పెరిగింది కదా’ అని చదువుకోవడానికి అందులో సందు ఉంది. చాలామంది అలాగే చదువుకున్నారు. మిగతా సగం ఇది: మైదానం నుంచి వచ్చినవాళ్ల మొదటి రాత్రి 2,800 మీటర్ల లోపే ఉండాలి. నన్నడిగితే 2,000కు అటూ ఇటూ. అక్కడ మంచం మీద పడుకుని, తెల్లారి లేచాకే పైకి కదలాలి.

ఒక పట్టిక చూద్దాం. విజయవాడ నుంచి వచ్చింది, చక్కటి దస్తూరీ. శుక్రవారం మధ్యాహ్నానికి విమానంలో ఢిల్లీ. సాయంత్రం మనాలి బస్సు. శనివారం ఉదయం మనాలిలో దిగి స్నానం, టిఫిను. జీపులో ధుంధి, అక్కడి నుంచి నడిచి చీకటి పడేలోగా, 3,300 మీటర్ల ఎత్తున గుడారాలు వేసుకునే బకర్‌థాచ్. ఆదివారం బియాస్ కుండ్ చూసి ధుంధికి దిగడం. సోమవారం తిరుగు ప్రయాణం. కింద గీత గీసి ఇలా రాశారు: ‘మొదటి రాత్రి బస్సు, రెండో రాత్రి బకర్‌థాచ్. మీ నియమం ప్రకారమే చేశాను.’

ఆ బస్సు రాత్రి దగ్గరే ఆగుదాం. ఢిల్లీ ఎత్తు 215 మీటర్లు. బస్సు అర్ధరాత్రి వరకు పంజాబ్, హర్యానా మైదానాల్లోనే పరుగెడుతుంది. తెల్లవారుజామున వచ్చే మండి 800 మీటర్లకు లోపే. మీకు మెలకువ వచ్చే వేళకు కుల్లు, 1,200 పైచిలుకు. మనాలి 2,050 దగ్గర ఉంటుంది. అంటే 12 నుంచి 14 గంటల ప్రయాణంలో మీ శరీరం 2,000 మీటర్ల గాలి పీల్చింది చివరి కాసేపే, అదీ మెడ వాల్చి కునుకు తీస్తూ. ఆ రాత్రిని మనాలి ఖాతాలో ఎలా రాస్తారు? రాయాలంటే ఢిల్లీ ఖాతాలో రాయాలి. అలా రాస్తే పట్టిక అసలు రూపం బయటపడుతుంది: మొదటి రాత్రి 215, రెండో రాత్రి 3,300. మధ్యలో మెట్టు లేదు.

రైలు రాత్రికీ ఇదే లెక్క. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తాం కాబట్టి ఒక రాత్రి ఎక్కువ కలిసొస్తుందని రాసినవారున్నారు. ఆ రాత్రి మధ్యప్రదేశ్ మీదుగా పోతుంది. దానివల్ల కలిసొచ్చే ఎత్తేమీ లేదు. మనాలిలో ఉదయం దిగి, పగలంతా హోటల్లో నిద్రపోయి, సాయంత్రం మనాలికి పైనున్న సోలాంగ్ చేరతామని మరొకరు రాశారు. అది కొంత నయం, కానీ పగటి నిద్ర కూడా రాత్రికి బదులు కాదు. నేను అడుగుతున్నది ఒక్కటే: ఏ చోట సాయంత్రం చేరి, రాత్రి తిని, పడుకుని, ఉదయం అక్కడే లేచారు? ఆ చోటి ఎత్తు ఎంత? పట్టికలో రావాల్సింది అదొక్కటే. మీరు రోజులు లెక్కపెట్టారు, నాకు రాత్రులు కావాలి.

రాత్రులే ఎందుకంటే, నిద్రలో శ్వాస సహజంగానే నెమ్మదిస్తుంది. రోజు మొత్తంలో రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గేది అప్పుడే. పగలు 3,700 దాకా ఎక్కినప్పుడు ఆయాసపడుతూ గట్టిగా ఊపిరి తీస్తారు, రెండు గంటలుండి దిగేస్తారు, శరీరం ఓర్చుకుంటుంది. రాత్రి ఎనిమిది గంటలు అదే ఎత్తులో తక్కువ శ్వాసతో పడుకోవడం వేరు. బియాస్ కుండ్ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. ప్రతి ఊపిరిలో వచ్చే ఆక్సిజనూ అంతే. దీనికి శరీరం అలవాటు పడుతుంది, కానీ గంటల్లో కాదు, రాత్రుల్లో. ఉత్తరాఖండ్‌లోని సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్ సాహిబ్ దగ్గర యాత్రికులను రాత్రి ఉండనివ్వరు. 4,000 దాటిన ఆ సరస్సును చూసి మధ్యాహ్నానికల్లా కిందికి కదిలి, 3,000 పైచిలుకు ఎత్తులో ఉన్న ఘంగారియాలో పడుకుంటారు. మంచి పద్ధతి. పైకెక్కి చూడండి, కిందికొచ్చి పడుకోండి.

‘అలిపిరి మెట్లు రెండు గంటల్లో ఎక్కుతాను, నాకేం కాదు’ అని ముగ్గురు రాశారు. 3,550 మెట్లు ఎక్కే కాళ్లూ గుండే ఉండటం గొప్ప విషయమే, ట్రెక్కులో అవి అక్కరకొస్తాయి కూడా. కానీ తిరుమల 900 మీటర్లకు లోపే. అక్కడి గాలికీ తిరుపతి గాలికీ శరీరం పట్టించుకునేంత తేడా లేదు. ఎత్తు జబ్బు కండబలం చూసి రాదు. రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లకూ వస్తుంది. త్వరగా ఎక్కేయగలరు కాబట్టి వాళ్లకే తొందరగా వచ్చే వీలుంది. ‘మా అమ్మానాన్న కేదార్‌నాథ్‌లో నిద్ర చేసి వచ్చారు, ఏమీ కాలేదు’ అన్న మాటా వచ్చింది. సంతోషం. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్ ఒక్క రోజులో 1,600 మీటర్ల ఎక్కుడు. ఆ రాత్రి గుడి దగ్గరి గదుల్లో తలనొప్పితో, వాంతులతో తెల్లవార్లూ కూర్చున్న మనవాళ్లను నేను చూశాను. ఒకరికి కాలేదన్నది ఇంకొకరికి హామీ కాదు. నిరుడు మీకే కాకపోయినా ఈ ఏడు కాదని లేదు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పదేళ్ల కిందట, సెప్టెంబరులో, ఇదే బకర్‌థాచ్‌కు ఐదుగురం వెళ్లాం. మా పట్టిక ఈ విజయవాడ పట్టికకు నకలులా ఉండేది. మాలో చిన్నవాడు హాఫ్ మారథాన్లు పరుగెత్తేవాడు. మొదటి రాత్రి వాడికి తల పగిలిపోయింది. అందరి ట్రెక్కూ తన వల్ల చెడుతుందని ఎవరికీ చెప్పలేదు. మాత్ర మింగి, మర్నాడు మాతో సరస్సు దాకా వచ్చాడు. అన్నం ముట్టలేదు. రెండో రాత్రి రెండు గంటలప్పుడు గుడారంలో కదలిక వినిపించి టార్చ్ వేశాను. వాడు ఒక బూటు తొడుక్కుని, ఒళ్లో రెండో బూటు పెట్టుకుని కూర్చున్నాడు. లేసు రెండు కొసలూ పట్టుకుని ఒక మెలిక వేశాడు. రెండో కొస వైపు చూస్తూ ఉండిపోయాడు. విప్పాడు. మళ్లీ అదే మెలిక, మళ్లీ ఆగడం. మూడుసార్లు చూశాను. చేతులు పట్టుకుంటే వెచ్చగానే ఉన్నాయి, చలికి కొంకర్లు పోలేదు. ‘కట్టేశాను కదా అన్నా’ అన్నాడు. లేపి, ఒక కాలి మడమకు రెండో కాలి వేలు ఆనించి ఒకే గీత మీద నడవమన్నాను. మూడో అడుగుకే పక్కకు ఒరిగాడు.

అది ఎత్తు వల్ల వచ్చే మెదడు వాపు లక్షణం. తెల్లవారే దాకా ఆగకూడదు. మా గైడు వాడిని ముందు పెట్టుకుని దారి తీశాడు, టార్చ్ వెలుగులో ధుంధికి దిగడానికి రెండున్నర గంటలు పట్టింది. అక్కడి నుంచి జీపులో మనాలి, ఆక్సిజన్, డాక్టరు. మరుసటి సాయంత్రం తన లేసులు తనే కట్టుకున్నాడు. ఆ రోజు నుంచి నేను పట్టికలో రాత్రులే రాస్తున్నాను.

కాబట్టి గుర్తుంచుకోండి. తలనొప్పితో పాటు ఆకలి లేకపోవడం, వికారం, నిస్సత్తువ ఉంటే ఎత్తు జబ్బు కాదని తేలేదాకా అది ఎత్తు జబ్బే. ఎండ, గ్యాస్, కాఫీ పడకపోవడం లాంటి పేర్లు పెట్టకండి. అప్పుడు ఇంకొక్క మీటరు కూడా ఎక్కకూడదు, తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గు ముదిరినా, అడుగు తడబడినా ఆ క్షణమే దిగాలి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి చాలామంది అడిగారు. డాక్టరును కలిసి అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పండి. మాత్ర సాయం చేస్తుంది, రాత్రిని మాత్రం కొనివ్వదు.

ఇప్పుడు సరైన పట్టిక. మొదటి రాత్రి మనాలి, 2,050. ఆ పగలు పక్కనున్న వశిష్ఠ్ ఊరి దాకా నడవండి, అంతకు మించి వద్దు. రెండో రాత్రి సోలాంగ్, సుమారు 2,500. మూడో రాత్రి ధుంధి, 2,850 ప్రాంతం. నాలుగో రాత్రి బకర్‌థాచ్, 3,300. ఐదో రోజు తెల్లవారుజామున బయల్దేరి 3,700 దగ్గరున్న బియాస్ కుండ్ చూసి, అదే రోజు ధుంధికి దిగి పడుకోవడం. ఓపిక లేకపోతే బకర్‌థాచ్‌లో ఇంకో రాత్రి. ధుంధికి పక్కా రోడ్డుంది, అటల్ సొరంగం దక్షిణ ద్వారం ఆ పక్కనే. 2020లో సొరంగం తెరిచాక వాహనాలు మరీ పెరిగాయి. గంటన్నరలో వెళ్లిపోయే చోటికి రెండు రాత్రులెందుకని మనసు గునుస్తుంది. రోడ్డు ఉందని మెట్టు దాటేయకండి. విమానంలో వెళ్లినా మొత్తం ఎనిమిది రోజుల సెలవు కావాలి. నాలుగు రోజులే దొరికితే ఈ ఏడాది పరాశర్ సరస్సు చూసి రండి, 2,730 మీటర్లు, బాగుంటుంది. భృగు సరస్సుకు పట్టికలు పంపినవాళ్లు గమనించండి, అది 4,300. పై పట్టికకు ఇంకో రెండు రాత్రులు కలిపి మళ్లీ రాయండి.

కాలం విషయంలో నా ఓటు సెప్టెంబరు రెండో సగానికి. జూన్ మొదట్లో సరస్సు మీద ఇంకా మంచు పేరుకుని ఉండవచ్చు, జూలై, ఆగస్టుల్లో వానలు. 2023 జూలైలో బియాస్ వరద కుల్లు–మనాలి రహదారిని చాలాచోట్ల కోసేసింది.

నీళ్ల గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. బకర్‌థాచ్ దాటాక గ్లేసియర్ తోసుకొచ్చి వదిలిన రాళ్ల గుట్టలు, వాటి మధ్య వాగులు. ఎండెక్కే కొద్దీ మంచు కరిగి వాగు పెరుగుతుంది. ఉదయం మడమ లోతున దాటిన చోటే మధ్యాహ్నం మోకాలు దాటి లాగుతుంది. వెళ్లేటప్పుడే కాదు, తిరిగొచ్చేటప్పుడూ పన్నెండు లోపే వాగు దాటేలా చూసుకోండి. సరస్సు దగ్గర తొమ్మిదిన్నర తర్వాత ఉండకండి. ఫొటో కోసం నీళ్లలోకి ఎవరూ దిగవద్దు. 2014 జూన్ 8న ఇదే బియాస్ నదిలో, దిగువన థలౌట్ దగ్గర, ఎగువ ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ నది పేరు రాసిన ప్రతిసారీ ఆ పిల్లలు గుర్తొస్తారు. అక్కడ ఆనకట్ట, ఇక్కడ ఎండ. రెండు చోట్లా నీళ్లు చెప్పి పెరగవు.

తిండి గురించి అడిగినవాళ్లకు చిన్న జవాబు: బకర్‌థాచ్‌లో నీళ్లు 89 డిగ్రీలకే మరుగుతాయి, అన్నం పలుకుగానే ఉంటుంది, పప్పు కుక్కరు లేకుండా ఉడకదు. ఆకలి కూడా మందగిస్తుంది. నేను కందిపొడి, మాగాయ, పల్లీ చిక్కీలు పట్టుకెళ్తాను. నోటికి రుచి తగిలితే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి.

అభ్యాసం. పట్టిక మళ్లీ రాయండి, రాత్రులతో మాత్రమే: చోటు, ఎత్తు, ముందు రాత్రి కంటే ఎంత పెరిగింది. బస్సు, రైలు రాత్రులను ఎర్ర సిరాతో కొట్టేయండి. రాశాక కొండచరియలు పడి రోడ్డు మూసుకుందనుకుని రెండో రాత్రిని తీసేసి, మిగిలిన సెలవులోనే నియమం తప్పకుండా మళ్లీ సర్దండి. సరస్సు వదులుకోవాల్సి వస్తే వదులుకున్నట్టే రాయండి. ప్రతి రాత్రికీ కుడివైపు ఇంకో గడి పెట్టండి: ఆ రాత్రి రెండు గంటలకు ఒకరికి అడుగు తడబడితే ఎక్కడికి దిగుతారు, ఆ చోటి ఎత్తెంత, చీకట్లో ఎన్ని గంటలు పడుతుంది, ఎవరు వెంట వెళ్తారు, గుడారం దగ్గర ఎవరు ఉంటారు. పేర్లతో సహా నింపాలి. ఇంట్లో గచ్చు మీద టైల్స్ గీత వెంట మడమకు వేలు ఆనించి పది అడుగులు వేసి, మీ బృందంలో ఎవరి నడక మామూలుగా ఎలా ఉంటుందో ఒకరినొకరు చూసుకోండి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా పట్టిక పంపవద్దు. అవి అందాకే సామాను పాఠం రాస్తాను.