సముద్రంలో వాయుగుండం ఉంటే కనుమ ఎక్కవద్దు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటుతున్నప్పుడు నేను మా ఇంట్లోనే ఉన్నాను. కిటికీ రెక్కలు ఊడిపోకుండా మంచం అడ్డం పెట్టి, దానికి వీపు ఆనించి కూర్చున్నాను. ఆ తర్వాత కరెంటు లేని రోజుల్లో నీళ్లు, పాలు తప్ప మాకు వేరే ధ్యాస లేదు. మమ్మల్ని దాటి వెళ్లిన ఆ తుఫాను ఎటు పోయిందో నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు. ఉత్తరంగా సాగి, బలహీనపడి, రెండు రోజులకల్లా అదే నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాల మీద మంచుగా కురిసింది. అక్టోబర్ 14న కొండల మధ్య నుంచి అవతలికి దాటే దారి, 5,416 మీటర్ల ఎత్తులోని థొరాంగ్ లా కనుమ మీద, ఆ చుట్టుపక్కల దారుల్లో 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో విదేశీ యాత్రికులున్నారు, గైడ్లున్నారు, జడల బర్రెలు కాసుకునేవాళ్లూ ఉన్నారు.

ఆ దారిలో నేను తర్వాత రెండుసార్లు నడిచాను. మొదటిసారి కనుమ దాటకుండానే తిరిగొచ్చాను. రెండోసారి కింద రెండు రాత్రులు అదనంగా ఆగి, దాటాను. అవతల ముక్తినాథ్ గుడి ఉండటంతో మనవాళ్లు చాలామంది ఆ వైపు వెళ్తుంటారు. వాళ్ల కోసమూ, హిమాలయాల్లో వారం పది రోజులు నడవాలనుకునే ఎవరి కోసమైనా ఇది రాస్తున్నాను.

అక్టోబర్, నవంబర్ నెలలు నేపాల్‌లో నడకకు మంచి కాలం. బంగాళాఖాతంలో తుఫానులు పుట్టే కాలమూ అదే. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం అనే మాటలు వింటూ పెరిగినవాళ్లం మనం. కొండ ఎక్కేటప్పుడు ఆ అలవాటు వదలకండి. బయలుదేరిన రోజు నుంచి భారత వాతావరణ శాఖ బులెటిన్ రోజూ చూడండి. ఫోను అందని చోట ఉంటే, ఇంట్లో ఒకరికి ఆ పని అప్పగించి, సిగ్నల్ దొరికిన ప్రతి ఊళ్లో వాళ్లతో మాట్లాడండి. తుఫాను మన తీరం దాటాక కొండలకు చేరడానికి రెండు రోజులు పట్టవచ్చు. కనుమకు ఇవతలి ఊరు మనాంగ్ నుంచి కనుమకు నడకా రెండు మూడు రోజులే. అంటే మనాంగ్‌లో మీరు విన్న వార్త, మీరు కనుమ మీద ఉండగా మీ నెత్తిన పడుతుంది. వార్త చెడ్డదైతే మనాంగ్‌లోనే ఆగండి. 3,500 మీటర్ల ఎత్తులోని ఆ ఊళ్లో లాడ్జీలున్నాయి, తిండి దొరుకుతుంది, యాత్రల కాలంలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్యులుంటారు.

అన్ని తుఫానులూ సముద్రం నుంచే రావు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లా సహస్రతాల్ దారిలో, కర్ణాటక నుంచి వెళ్లిన బృందంలో 9 మంది మంచు తుఫానుకు బలయ్యారు. అది మనకు ఎండాకాలం సెలవులు అప్పుడప్పుడే ముగిసే సమయం. నెల చూసి కొండను నమ్మకూడదు. అందుకే ఆకాశం చూడటం నేర్చుకోవాలి.

మా నాయనమ్మ రాత్రిపూట చంద్రుడి చుట్టూ వరదగుడి కడితే, "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన" అనేది. ఆ సామెతలోని లెక్క సంగతి ఎలా ఉన్నా, వరదగుడిని మాత్రం కొండ మీద తేలిగ్గా తీసుకోకండి. బాగా ఎత్తున మంచు రేణువులతో పలచటి మేఘం పరుచుకున్నప్పుడే ఆ వలయం కడుతుంది. చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో వచ్చే చెడు వాతావరణానికి అది ముందు నడిచే మేఘం. మొదటి యాత్రలో, కనుమ కింది మజిలీ థొరాంగ్ ఫేదీలో నేను ఆ గుడిని చూశాను. "రేపు వద్దు దిదీ (అక్కా)" అని మా గైడు అన్నాడు కూడా. నాలుగో రోజుకు నా విమానం టికెట్టు ఉంది. వెళ్దామన్నాను.

తెల్లవారుజామున, ఫేదీకి పైనున్న మజిలీ హై క్యాంపు వైపు ఎక్కుతుండగా గాలి అందుకుంది. కోటు జిప్పు మెడ దాకా లాక్కోవడానికి కుడి చేతి గ్లౌజు తీసి పళ్ల మధ్య పెట్టుకున్నాను. అది ఎగిరిపోయింది. మైనస్ 10 డిగ్రీల చలిలో గంటకు 50 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 22 డిగ్రీల్లా తగులుతుంది. కొద్దిసేపట్లోనే నా వేళ్లు కొవ్వొత్తుల్లా తెల్లబడ్డాయి. బొటనవేలితో చూపుడువేలిని తాకాను, తాకిన సంగతి రెండింటికీ తెలియలేదు. గైడు నా చెయ్యి లాగి తన కోటు లోపల చంకలో పెట్టుకున్నాడు. పావుగంటకు మంట మొదలైంది. ఆ మంటకు ఏడుపొచ్చింది, అయినా వేళ్లు దక్కాయి. అక్కణ్నుంచే వెనక్కి దిగాం.

అప్పటి నుంచి నా గ్లౌజులకు పొడవాటి తాడు కట్టి, చిన్నపిల్లలకు వేసినట్టు మెడ వెనక నుంచి వేసుకుంటున్నాను. మీరూ కట్టండి. లోపల పలచటి గ్లౌజులు ఒక జత వేసుకోండి, జిప్పులు వాటితోనే లాగొచ్చు. ప్రతి జిప్పుకూ వేలెడు దారం ముడి వేయండి, మొద్దుబారిన చేతికి కూడా దొరుకుతుంది. నూలు బనియన్లు ఇంట్లో వదిలేయండి. చెమటకు తడిసిన నూలు ఆరదు, ఒంట్లోని వేడిని లాగేస్తుంది. ఒంటిని ఆనుకుని ఉన్ని గానీ, త్వరగా ఆరే పాలియెస్టర్ గానీ ఉండాలి. తెల్లబడిన చోట రుద్దకండి, మంచుతో అసలే రుద్దకండి.

రెండోసారి గాలి పీడనం కొలిచే గడియారం తీసుకెళ్లాను. అది పీడనాన్ని బట్టి ఎత్తు చూపుతుంది. మీరు పడుకున్న చోటే ఉండగా తెల్లారేసరికి ఎత్తు పెరిగినట్టు చూపితే, పెరిగింది ఎత్తు కాదు, తగ్గింది పీడనం. ఫేదీ ఎత్తులో పీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గితే సుమారు 13 మీటర్లు ఎక్కువ చూపుతుంది. పది ఇరవై మీటర్ల తేడాకు కంగారు పడనక్కర్లేదు. ఆ ఉదయం నాకు 45 మీటర్లు ఎక్కువ కనిపించింది. ఆగిపోయాం.

ఈ నిర్ణయం ముందురోజు సాయంత్రం, పొయ్యి పక్కన కూర్చుని తీసుకోవాలి. పైన గాలిలో, ఊపిరాడని ఎత్తులో మనిషి బుద్ధి సరిగ్గా పనిచేయదు. ఎన్ని గంటలకు ఎక్కడుంటే ముందుకెళ్లాలో, ఎక్కడుంటే తిరగాలో కాగితం మీద రాసి అందరికీ చదివి వినిపించండి. థొరాంగ్ లా మీద పొద్దెక్కేకొద్దీ గాలి ముదురుతుంది, ఆ తర్వాత ముక్తినాథ్‌కు 1,600 మీటర్లకు పైగా దిగాలి. మా కాగితంలో ఉదయం 10 గంటలు దాటితే కనుమ కనబడుతున్నా వెనక్కే అని రాసుకున్నాం. తలనొప్పి, వాంతులు ఉన్న మనిషి ఆకాశం నిర్మలంగా ఉన్నా పైకి వెళ్లకూడదు.

ఇంత చేసినా మధ్యలో చిక్కుకోవచ్చు. చలి పుట్టకముందే ఉన్న బట్టలన్నీ వేసుకోండి. అందరూ చెయ్యి చాపితే అందేంత దగ్గరగా రండి, నెమ్మదిగా నడిచేవాళ్లను వెనక వదలకండి. వచ్చిన దారి తెలిసిన దారి, అటే తిరగండి. దారి పొడవునా పాతిన గుర్తు కర్రలున్న చోట, ఒక కర్ర దగ్గర మనిషిని నిలబెట్టి, మాట వినిపించేంత దూరంలోనే తర్వాతి దాన్ని వెతకండి. అది కనిపించకపోతే నడక ఆపాలి. తెల్లటి నేల, తెల్లటి ఆకాశం కలిసిపోయినప్పుడు లోయ అంచు కాలికి తగిలేదాకా తెలియదు.

ఆగాల్సి వస్తే బండరాయి చాటున, మంచు జారిపడే వాలుకు దూరంగా ఆగండి. కింద పరుపో, తాళ్లో, ఖాళీ బ్యాగో వేసి దాని మీద కూర్చోండి, ఒంట్లో వేడిని నేల గాలికంటే వేగంగా తాగేస్తుంది. పాదాలు బ్యాగులో దూర్చండి. ఒకరికొకరు ఆనుకోండి. పల్లీపట్టీ, బెల్లం, నువ్వుండలు కొంచెం కొంచెంగా నములుతూ ఉండండి. మద్యం వద్దు. పక్క మనిషిని మాట్లాడిస్తూ ఉండండి. మాట ముద్దగా వస్తున్నా, పేరు తడుముకుంటున్నా, వణుకుతున్న మనిషి వణకడం మానేసినా, చలి లోపలికి దిగిందని అర్థం. ఆ మనిషి తడిబట్టలు తీసి, పొడివి తొడిగి, స్లీపింగ్ బ్యాగులో పెట్టి, ఇద్దరు ఇరుపక్కలా పడుకోవాలి. ఫోను లోపలి జేబులో, ఒంటికి తగిలేలా ఉంచండి, చలికి బ్యాటరీ చచ్చిపోతుంది. ఈల ఉంటే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదండి. ఉరిమితే శిఖరం మీద, ఒంటరి రాయి పక్కన ఉండకండి, ఇనుప ఊతకర్రలు దూరంగా పెట్టండి.

తుఫాను వెలిసిన ఉదయం ఆకాశం కడిగినట్టుంటుంది. ఆ ఉదయమే ప్రమాదం ఎక్కువ. కొత్త మంచు వాలు మీద ఇంకా కుదురుకోలేదు, కనీసం ఒక పగలు, ఒక రాత్రి గడవనివ్వండి. దీనికోసమే తిరుగు టికెట్టుకు ముందు మూడు రోజులు ఖాళీగా ఉంచుకోమని అందరికీ చెబుతున్నాను. ఆ మూడు రోజులు నాకు రెండో యాత్రలో పనికొచ్చాయి. ఫేదీలో మూడో తెల్లవారుజామున గడియారం ఎత్తు మామూలుకు దిగింది. గైడు తలుపు తట్టి "దిదీ, తారలు" అన్నాడు. గ్లౌజుల తాడు మెడలో వేసుకుని బయటికొచ్చాను.