కరంట్ పొదకు మందు కొట్టే ముందు ఆకు తిరగేయండి

నేను కరంట్ పొదలు (చలి ప్రాంతాల్లో గెలలుగా చిన్న పుల్లటి పండ్లు కాసే మొక్కలు) పెంచుతానని తెలిసినవాళ్లు వసంతం రాగానే ఫోన్‌కి ఫొటోలు పంపడం మొదలుపెడతారు. ఎప్పుడు చూసినా ఆకు పైభాగమే. కింద ఒకే ప్రశ్న: "ఏ మందు కొట్టమంటారు?" నేనేమో ఆకు తిరగేసి ఇంకో ఫొటో పంపమంటాను. ఈ పొదకు వచ్చే బాధల్లో చాలావాటి గుట్టు ఆకు అడుగునే ఉంటుంది. అక్కడ కనిపించేదాన్ని బట్టి చూస్తే సగం సందర్భాల్లో మందు అక్కరే లేదు.

నా కంచె వెంబడి బ్లాక్ కరంట్, రెడ్ కరంట్ పొదలు, ఒక మూలన వైట్ కరంట్ ఉన్నాయి. తోటలోకి వెళ్లేటప్పుడు పదింతలు పెద్దగా చూపించే భూతద్దం, పదునైన సికేటర్ (కొమ్మలు కోసే కత్తెర) జేబులో పడేసుకుంటాను. నీళ్ల గొట్టం, పాత తెల్ల దుప్పటి దగ్గరలోనే ఉంటాయి. స్ప్రేయర్ మాత్రం షెడ్డులో వెనకెక్కడో ఉంటుంది.

ముందు అందరినీ హడలగొట్టే ఎర్ర బొబ్బల సంగతి. రెడ్, వైట్ కరంట్ ఆకుల మీద ముదురు ఎరుపు బొబ్బలు ఉబ్బి, ఆకంతా ముడతలు పడుతుంది. బ్లాక్ కరంట్ మీద అయితే ఆ బొబ్బలు పసుపుపచ్చగా ఉంటాయి. చూడగానే తెగులనిపిస్తుంది కానీ ఇది పేనుబంక పని. బొబ్బ కింది గుంటలో లేత పసుపు రంగు పురుగులు గుంపుగా కూర్చుని రసం పీలుస్తుంటాయి. శరదృతువులో కొమ్మల మీద పెట్టిన గుడ్లు చిగురు విచ్చే వేళకు పొదుగుతాయి. వేసవి నడుమ రెక్కలొచ్చి కలుపు మొక్కల మీదికి ఎగిరిపోయి, చలి మొదలయ్యేసరికి గుడ్లు పెట్టడానికి తిరిగొస్తాయి. అందుకే బొబ్బలు కొట్టొచ్చినట్టు కనపడే రోజుకి కింద పురుగే ఉండకపోవచ్చు. అప్పుడు మందు కొడితే ఖాళీ ఇంటికి తాళం వేసినట్టే. ఉబ్బిన ఆకు మళ్లీ చదునవదు, అయినా కాపుకి పెద్దగా లోటు రాదు. నా పొదలు అలా బొబ్బలతోనే గెలలు గెలలుగా కాశాయి.

చేయాల్సింది ముందే చేయాలి. ఆకులు విప్పుకోవడం మొదలవగానే వారానికోసారి కొమ్మల కొసలు తిప్పి చూడండి. కొద్దిగా ఉంటే వేళ్లతో నలిపేయండి. ఎక్కువగా ఉంటే గొట్టంతో కింది నుంచి పైకి నీళ్లు గట్టిగా కొట్టండి. అయినా తగ్గకపోతే మొక్కల కోసం తయారుచేసిన సబ్బు ద్రావణం వాడండి. గిన్నెలు తోమే సబ్బు వద్దు, ఆకు మాడుతుంది. ఈ సబ్బు పురుగు ఒంటిని తడిపితేనే పనిచేస్తుంది. ఆకు పైన చల్లి వచ్చేస్తే కొట్టనట్టే. అక్షింతల పురుగుల పిల్లలు అక్కడ తిరుగుతూ కనిపిస్తే సబ్బు కూడా మానేసి వాటికే వదిలేయండి. నల్లగా, నారింజ మచ్చలతో, బుల్లి మొసళ్లలా ఉండే వాటిని చాలామంది శత్రువులనుకుని చంపేస్తారు. ఏటా ఇదే గోలైతే, ఆకు రాలి పొద నిద్రలో ఉన్నప్పుడు వృక్ష నూనెతో చేసిన శీతాకాలపు పిచికారీ కొమ్మలు పూర్తిగా తడిసేలా కొట్టండి. గుడ్లు చాలావరకు ఊపిరాడక చస్తాయి.

రంపపు ఈగ మాత్రం అలా వదిలేసే రకం కాదు. నేను నిజంగా భయపడేది దీనికే. గూస్‌బెర్రీ (మన ఉసిరి కాదు, కరంట్‌కి చుట్టమైన ముళ్ల పొద), రెడ్, వైట్ కరంట్ దీనికి ఇష్టం. బ్లాక్ కరంట్ జోలికి సాధారణంగా రాదు. ఈగ వచ్చి పొద నడిబొడ్డున, కింది ఆకుల అడుగున, ఈనెల వెంట తెల్లటి గుడ్లు వరసగా పెట్టిపోతుంది. పొదిగిన పిల్లలు ముందు అక్కడే సూది పొడిచినట్టు చిన్న చిల్లులు చేస్తాయి. బయటి నుంచి చూస్తే పొద నిండు పచ్చగానే ఉంటుంది. అవి లోపలి నుంచి తింటూ పైకొచ్చి, మనకు కనపడేసరికి ఈనెలు తప్ప ఏమీ మిగల్చవు. లేత ఆకుపచ్చ ఒళ్లు, నల్లని చుక్కలు, నల్లని తల, పెరిగితే రెండు సెంటీమీటర్లు. ఆకు పోయిన పొద చావదు కానీ ఆ ఏడు కాయ ఊరదు, మరుసటి ఏడు కాపూ తగ్గుతుంది.

కాబట్టి పూత సమయం నుంచే మోకాళ్ల మీద కూర్చుని పొద మధ్యలోకి తల దూర్చండి. గుడ్ల వరస, లేదా చిల్లులు పడ్డ ఆకు కనిపిస్తే ఆకుతో సహా తుంచి సబ్బు నీళ్లలో వేయండి. ఆ దశలో దొరికితే పని అక్కడితో అయిపోతుంది. పురుగులు పాకిపోయి ఉంటే కింద దుప్పటి పరిచి కొమ్మల్ని దులపండి. రాలిన వాటిని ఎత్తి పారేశాక మర్నాడు మళ్లీ దులపండి, మొదటిసారి గట్టిగా పట్టుకున్నవి అప్పుడు దొరుకుతాయి.

గొంగళి పురుగుల మందు అని బీటీ అనే బాక్టీరియా పొడి కొని తెచ్చేవాళ్లుంటారు. ఈ పురుగు మీద అది పారదు. బీటీ సీతాకోక, రెక్కల పురుగు జాతుల పిల్లలకి. రంపపు ఈగ తేనెటీగల వైపు చుట్టం. అనుమానముంటే భూతద్దంతో పొట్ట కింది మెత్తని కాళ్లు లెక్కపెట్టండి. అయిదు జతలు, అంతకన్నా తక్కువ ఉంటే గొంగళి. ఆరు, అంతకుమించి ఉంటే రంపపు ఈగ పిల్ల. చేత్తో ఏరలేనంతగా ఉంటే స్పినోసాడ్ అనే పురుగుమందు పనిచేస్తుంది. మీ దగ్గర కరంట్ మీద దానికి అనుమతి ఉందా, కోతకి ఎన్ని రోజుల ముందు ఆపాలి అన్నది సీసా మీదే చూసుకోండి. పూత ఉండగా ఏ పురుగుమందూ వద్దు. తర్వాతైనా తేనెటీగలు గూటికి చేరాక, సాయంత్రమే. ఇంకో మాట: ఈ ఈగకి ఏడాదికి రెండు మూడు తరాలు. వసంతంలో గెలిచామని వేసవి చివర నిద్రపోకండి. శీతాకాలంలో పొద కింది మట్టిని పైపైన గీకితే లోపల గూళ్లలో ఉన్న పురుగుల్ని పక్షులు ఏరుకుతింటాయి.

బ్లాక్ కరంట్ కొసన ఆకులు విచ్చుకోకుండా మెలితిరిగి నల్లబడితే మెల్లగా విప్పి చూడండి. లోపల తెల్లవో నారింజవో సన్నటి కాళ్లు లేని పురుగులుంటే అది ఆకు మిడ్జ్ అనే చిన్న ఈగ పిల్లల పని. ముదురు పొద దాన్ని తట్టుకుంటుంది, నేను పట్టించుకోను. లేత మొక్కకైతే కొసలు తుంచేయండి. బెన్ కానన్ అనే రకం దీనికి బాగా నిలబడుతుంది. ఎండలు ముదిరి, నేల ఎండి, ఆకు మీద సన్నటి లేత చుక్కలు పడి కంచు రంగుకి తిరిగితే ఎర్రనల్లి అనుకోండి. తెల్ల కాగితం మీద ఆకు తడితే దుమ్ము రేణువుల్లా రాలి నడుస్తాయి. వేళ్లకి నీళ్లు, ఆకు అడుగుకి జల్లు, అంతే. అన్నిటినీ చంపే మందు కొడితే నల్లిని తినే పురుగులు పోయి నల్లి మిగులుతుంది.

ఇక తెగుళ్లు. ఆకుమచ్చ తెగులులో ముందు చిన్న గోధుమ రంగు చుక్కలు వస్తాయి. అవి కలిసిపోయి ఆకు పసుపెక్కి, వేసవి మధ్యలోనే రాలిపోతుంది. వానలు ఎక్కువ పడ్డ ఏడాదిలో పొద సగం బోడిగా నిలబడుతుంది. ఈ శిలీంధ్రం చలికాలమంతా రాలిన ఆకుల్లోనే గడిపి, వసంతంలో వాన చినుకులతో పైకెగురుతుంది. అందుకని రాలిన ఆకు ఒక్కటీ మిగలకుండా ఊడ్చి తీసేయడమే నేను చేసే వైద్యం. చలికి ముందు ఒకసారి, చిగురుకి ముందు ఇంకోసారి. నీళ్లు పొద మొదలు దగ్గర పోయండి, ఆకుల మీద కాదు.

బూడిద తెగులు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. దీన్ని మనమే పిలిచి కూర్చోబెడతాం. నత్రజని ఎక్కువ పెట్టి, లేత కొమ్మలు మెత్తగా ఏపుగా సాగితే, గాలి ఆడక, వేళ్ల దగ్గర నేల ఎండితే, కొసల మీద తెల్లటి పొడి పడుతుంది. తర్వాత అది గోధుమ రంగు దెబ్బలా గట్టిపడి కాయలకీ పాకుతుంది. అది ఉత్తర అమెరికా నుంచి 20వ శతాబ్దం మొదట్లో ఐరోపా తోటలకి చేరి అక్కడి గూస్‌బెర్రీలను అతలాకుతలం చేసింది. సోకిన కొసలు కత్తిరించి తీసేయండి. పచ్చిరొట్ట ఎరువూ, యూరియా లాంటివీ ఆపి, నేల మీద ఎండు గడ్డి పరిచి తడి నిలపండి. పొటాషియం బైకార్బొనేట్ తొలి దశలో ఉపయోగపడుతుంది. గంధకం కూడా పనిచేస్తుంది కానీ కొన్ని రకాల ఆకులు దానికి మాడిపోతాయి, కాబట్టి ముందు ఒక్క కొమ్మ మీద కొట్టి చూడండి. బాగా ఎండ ఉన్నప్పుడు, నూనె పిచికారీకి దగ్గరగా మాత్రం వద్దు.

గాలి ఆడాలంటే కత్తిరింపు సరిగా ఉండాలి. ఇందులో రెండు జాతులూ వేరు. బ్లాక్ కరంట్ నిరుటి కొమ్మ మీద బాగా కాస్తుంది గనక ముసలి కొమ్మల్ని ఏటా మూడో వంతు నేల మట్టానికి తీసేయొచ్చు. రెడ్, వైట్ పాత కొమ్మ మీది చిన్న పిలకల్లో కాస్తాయి, వాటిని మధ్యలో ఖాళీ ఉండే గిన్నె ఆకారంలో తీర్చాలి. కోసేటప్పుడు కాండం మధ్య నల్లగా బోలుగా కనిపిస్తే కాండం తొలిచే పురుగు లోపలుంది. తెల్లటి చెక్క తగిలేదాకా కిందికి కోసి ఆ ముక్క కాల్చేయండి. ఎండిన కొమ్మ మీద గులాబి నారింజ బొడిపెలుంటే పగడపు మచ్చ తెగులు, దానికీ అదే శిక్ష.

వేసవి చివర ఆకు అడుగున నారింజ రంగు పొక్కులు కనిపిస్తే తుప్పు తెగులు. కరంట్‌కి దీనివల్ల ముందుగా ఆకు రాలడమే నష్టం. సూదుల్లాంటి ఆకులు అయిదేసి గుత్తిగా ఉండే పైన్ చెట్లకి మాత్రం ఇది ప్రాణాంతకం, ఆ శిలీంధ్రం రెండిటి మధ్యా తిరుగుతుంది. ఈ కారణంతోనే అమెరికాలో కరంట్ పెంపకాన్ని నిషేధించారు. కేంద్ర స్థాయి నిషేధం 1966లో ఎత్తేశారు, న్యూయార్క్ 2003లో అనుమతించింది, కొన్ని రాష్ట్రాల్లో ఆంక్షలు ఇంకా ఉన్నాయి. అక్కడ నాటేవాళ్లు ముందు రాష్ట్ర నిబంధన చూసుకోవాలి.

చివరిగా, పొదని తవ్వి తీసేయాల్సిన ఒకే ఒక్క బాధ. శీతాకాలంలో బ్లాక్ కరంట్ మొగ్గలు సన్నగా, కొసదేలి ఉండాలి. కొన్ని గుండ్రంగా బఠాణీ గింజంత ఉబ్బి ఉంటే లోపల వేల కొద్దీ మొగ్గ నల్లి ఉంది. కంటికి ఆనదు. వసంతంలో గాలితో పక్క పొదలకి వెళ్తుంది, వెళ్తూ రివర్షన్ అనే వైరస్‌ని మోసుకెళ్తుంది. ఆ వైరస్ సోకిన పొదకి ఆకుల అంచుల పళ్లు, ఈనెలు తగ్గుతాయి, కాయలు ఏటికేడు తగ్గిపోతాయి. మందు లేదు. ఒకటి రెండు ఉబ్బిన మొగ్గలే అయితే చలికాలంలోనే గిల్లి కాల్చేసి చూడండి. పొదంతా ఉంటే కాయ కోసుకున్నాక, మొగ్గలు విచ్చే వసంతం రాకముందే, వేళ్లతో సహా పెకిలించండి. దాని కొమ్మ నాటి కొత్త మొక్క చేద్దామనుకోవద్దు, వైరస్ కూడా దాంతోనే వస్తుంది. రోగం లేదని ధ్రువీకరించిన మొక్క కొని, పాత పొదలకి దూరంగా నాటండి. రకం ఎంచుకునే వీలుంటే మొగ్గ నల్లిని తట్టుకునే బెన్ హోప్ అడగండి.