దూరపు సవారీకి మౌంటెన్ బైక్‌నూ ఒంటినీ సిద్ధం చేసుకోవడం

రెండు గంటల సవారీలో కనిపించని లోపం ఆరో గంటలో తప్పకుండా కనిపిస్తుంది. సీటు ఎత్తులో అర సెంటీమీటరు తేడా ఉన్నా, చైను కొంచెం పొడిబారినా, టైరులో గాలి కాస్త ఎక్కువైనా దగ్గరి దారిలో శరీరం సర్దుకుపోతుంది. అదే లోపం రోజంతా సాగే కొండదారి ప్రయాణంలో మోకాలి నొప్పిగానో, తెగిన చైనుగానో, తిమ్మిరెక్కిన వేళ్లుగానో బయటపడుతుంది. అందువల్ల దూరం తొక్కదలచినవారు బండిని చెడిపోయాక బాగుచేయించుకునే వస్తువుగా కాక, తొక్కిన గంటల లెక్కన ముందుగానే చూసుకోవలసిన వస్తువుగా భావించాలని నా అభిప్రాయం. ఒక చిన్న నోటుపుస్తకంలో ఏ రోజు ఎన్ని గంటలు తొక్కారో, ఏ భాగాన్ని ఎప్పుడు మార్చారో రాసుకోవడం ఈ పనిలో మొదటి మెట్టు. ఈ వ్యాసంలో చెప్పే చాలా విషయాలు ఆ పుస్తకం మీదే ఆధారపడతాయి.

టైర్లు, గాలి

బండి స్వభావాన్ని ఖర్చు లేకుండా మార్చగలిగేది టైరు గాలి కనుక దానితోనే మొదలుపెట్టాలి. గాలి ఎంత ఎక్కువ నింపితే అంత వేగంగా పోతామన్న నమ్మకం రాళ్లు, చెట్ల వేళ్లు పరుచుకున్న దారిలో పనికిరాదు. గట్టిగా బిగిసిన టైరు ప్రతి రాయి మీదా బండినీ మనిషినీ పైకి ఎగరవేస్తుంది, ముందుకు నడిపించవలసిన శక్తి ఆ ఎగరడంలోనే ఖర్చయిపోతుంది. తగినంత మెత్తగా ఉన్న టైరు రాయి ఆకారానికి ఒదిగి దాన్ని దాటుతుంది, నేలను బాగా పట్టుకుంటుంది, చేతులకూ నడుముకూ చేరే అదురును తగ్గిస్తుంది. సామానుతో కలిపి 75 కిలోల బరువుండి, 2.4 అంగుళాల వెడల్పున్న ట్యూబ్‌లెస్ టైర్లు వాడేవారు ముందు చక్రానికి 21 పిఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం), వెనక చక్రానికి 24 పిఎస్ఐతో ఆరంభించవచ్చు. అక్కడి నుంచి ఒక్కొక్క పిఎస్ఐ చొప్పున మారుస్తూ, తెలిసిన ఒకే దారిలో తొక్కి చూడాలి. రిమ్ము రాళ్లకు తగిలి ఠంగుమంటున్నా, మలుపులో టైరు పక్కకు ఒరిగిపోతున్నట్టు అనిపించినా ఒక పిఎస్ఐ పెంచాలి. చిన్న గులకరాళ్ల మీద కూడా బండి గంతులు వేస్తుంటే ఒకటి తగ్గించాలి. పెద్ద పంపులకు ఉండే మీటర్లు ఇంత తక్కువ ఒత్తిడి దగ్గర నమ్మదగినవి కావు కాబట్టి, తక్కువ ఒత్తిడిని కొలిచే చిన్న మీటరు ఒకటి కొనుక్కుని ఎప్పుడూ దానితోనే కొలవడం మంచిది.

దూరపు సవారీకి ట్యూబ్‌లెస్ టైర్లనే ఎంచుకోమని సంకోచం లేకుండా చెబుతాను. రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పడే పంక్చరు వాటిలో ఉండదు, ముళ్లు చేసే చిన్న రంధ్రాలను లోపలి సీలెంటు ద్రవం దానంతటదే మూసేస్తుంది. అయితే ఆ ద్రవం శాశ్వతం కాదన్న సంగతిని చాలామంది మరచిపోతారు. వాతావరణాన్ని బట్టి అది రెండు నుంచి ఆరు నెలల్లో గడ్డకట్టి ఎండిపోతుంది, వేడి పొడి ప్రాంతాల్లో ఇంకా త్వరగా ఎండుతుంది. 29 అంగుళాల చక్రానికి సుమారు 100 మిల్లీలీటర్లు పోయాలి. చక్రాన్ని విప్పి చెవి దగ్గర ఊపినప్పుడు ద్రవం కదిలే చప్పుడు వినిపించకపోతే దూర ప్రయాణానికి ముందు తప్పక పోసుకోవాలి. సీలెంటు మూయలేనంత పెద్ద రంధ్రానికి రబ్బరు ప్లగ్గు వాడాలి. దాన్ని సూదితో సగానికి పైగా లోపలికి దూర్చి, తోక బయట మిగిలేలా సూదిని చటుక్కున లాగేస్తే చాలు. ఇన్ని ఏర్పాట్లు ఉన్నా ఒక ట్యూబును వెంట ఉంచుకోవలసిందే, ఎందుకంటే టైరు పక్క గోడ చీలితే ప్లగ్గు ఆగదు. అప్పుడు చీలిక లోపలి వైపు గట్టి ప్లాస్టిక్ ముక్కనో మందపాటి గుడ్డనో పెట్టి, దాని మీదుగా ట్యూబు ఎక్కించి ఇల్లు చేరుకోవచ్చు.

సస్పెన్షన్

సస్పెన్షన్ అమరికలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. వారు ఇంట్లో మామూలు దుస్తులతో కూర్చుని శాగ్ కొలుస్తారు, ప్రయాణం రోజున మాత్రం మూడు లీటర్ల నీరు, పనిముట్లు, తిండి వీపున వేసుకుని బయలుదేరుతారు. బండి మీద కూర్చోగానే స్ప్రింగు ఎంత కుంగుతుందో దానినే శాగ్ అంటారు కాబట్టి, ఆ బరువంతా మీద ఉన్నప్పుడే దాన్ని కొలవాలి. వెనక చక్రపు అదురును మింగే షాక్ మొత్తం కదలగలిగే దూరంలో 25 నుంచి 30 శాతం, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కదలగలిగే దూరంలో 15 నుంచి 20 శాతం కుంగడం సాధారణ కొండదారులకు సరిపోతుంది. తరువాత చూడవలసింది రీబౌండ్, అంటే కుంగిన సస్పెన్షన్ తిరిగి లేచే వేగం. అది మరీ నెమ్మదైతే వరుస గతుకుల్లో ఫోర్కు పూర్తిగా లేవకముందే మరో దెబ్బ తగులుతుంది, కొద్ది దూరంలోనే అది కిందికి దిగబడిపోయి కర్రలా బిగుసుకుంటుంది. చేతుల నొప్పికి గ్రిప్పులను నిందించేవారు ముందుగా ఈ మరను రెండు మెట్లు వదులు చేసి చూడాలి.

ఫోర్కు కింది గొట్టాల్లోని నూనెను, దుమ్మును ఆపే సీళ్లను సుమారు 50 గంటలకొకసారి చూసుకోవాలని తయారీదారులు చెబుతారు. నోటుపుస్తకం అక్కరకు వచ్చేది ఇక్కడే, ఎందుకంటే ఆ నూనె మెల్లమెల్లగా చెడుతుంది కనుక రోజూ తొక్కేవారికి మార్పు తెలియదు. బండిని కడిగేటప్పుడు గట్టి ఒత్తిడితో చిమ్మే నీటిని ఈ సీళ్ల మీదికి గాని బేరింగుల మీదికి గాని కొట్టకూడదు.

చైను, గేర్లు

చైనుకు నూనె వేయడం అందరూ చేసేదే కాని చాలామంది సగం పనే చేస్తారు. నూనె అవసరమయ్యేది పిన్నులకూ రోలర్లకూ మధ్య సందులో, బయటి పలకలకు కాదు. చైనును ముందు డీగ్రీజరుతో, అంటే జిడ్డు వదిలించే ద్రవంతో కడిగి ఆరనిచ్చి, ప్రతి రోలరు మీదా ఒక్కో చుక్క వేసి, పెడల్‌ను వెనక్కి తిప్పుతూ లోపలికి ఇంకనిచ్చి, కొంతసేపటి తరువాత బయట మిగిలినదంతా గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. బయట మిగిలిన నూనె దుమ్మును పట్టుకుని ముద్దగా మారి, ఆకురాయిలా పళ్లను అరగదీస్తుంది. పొడి దారులకు పలుచని నూనెగాని మైనంగాని, బురద దారులకు చిక్కని నూనె సరిపోతాయి.

చైను సాగుతుందని వాడుకలో అంటాం కాని నిజానికి లోహం సాగదు. పిన్నుల దగ్గర అరిగి సందు పెరగడం వల్ల చైను మొత్తం పొడవు పెరుగుతుంది. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు కనుక కొత్త చైనులో 24 ఖాళీలు కలిపి సరిగ్గా 304.8 మిల్లీమీటర్లు ఉండాలి. ఇది సుమారు 306.3 మిల్లీమీటర్లకు చేరిందంటే అరుగుదల అర శాతమైనట్టు. 11, 12 గేర్ల చైనును ఆ దశలోనే మార్చాలి, 9 లేదా 10 గేర్ల చైనును 0.75 శాతం దాకా ఉంచవచ్చు. దీన్ని కొలిచే చిన్న పలకను కొనుక్కుంటే పని సులువవుతుంది. అరిగిన చైను తన కొత్త కొలతకు క్యాసెట్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల వరుస) పళ్లను కూడా తొలిచేస్తుంది, అప్పుడు కొత్త చైను వేసినా పాత పళ్ల మీద జారుతుంది. చైను కంటే క్యాసెట్‌కు అయ్యే ఖర్చు ఎంతో ఎక్కువ కనుక ఈ లెక్కను వాయిదా వేయడంలో లాభం లేదు.

గేర్లు సరిగ్గా పడకపోతే తీగ బిగువును సరిచేయడానికి ముందు, చైనును ఒక గేరు నుంచి మరో గేరుకు జరిపే డిరేలియర్‌ను పట్టి ఉంచే హ్యాంగర్‌ను చూడాలి. బండి కుడివైపు పడినప్పుడు ఫ్రేము విరగకుండా తాను వంగేలా మెత్తని లోహంతో చేసిన భాగమది. ఒకసారి నేను నిలబెట్టిన బండి పక్కకు పడిపోయింది, గీత కూడా పడలేదు కనుక పట్టించుకోలేదు. రెండు రోజుల తరువాత పెద్ద ఎక్కుడులో అన్నింటికన్నా తేలికైన గేరు వేయగానే వంగిన హ్యాంగర్ డిరేలియర్‌ను చక్రపు ఆకులలోకి (స్పోకుల్లోకి) నెట్టింది, ఆ రోజు నా ప్రయాణం నడకతో ముగిసింది. బండికి సరిపోయే హ్యాంగర్ ఒకటి సంచిలో ఎప్పుడూ ఉండాలని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను. ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారం కనుక తోటివారి దగ్గర దొరుకుతుందని ధైర్యంగా ఉండడానికి వీల్లేదు.

బ్రేకులు

1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో పాత బరువు సైకిళ్లతో కొండ దిగే పందేలు మొదలైనప్పుడు, పెడల్‌ను వెనక్కి తొక్కితే పట్టే హబ్ బ్రేకులు ఎంతగా వేడెక్కేవంటే లోపలి గ్రీజంతా పొగై పోయేది. దిగిన తరువాత హబ్ విప్పి మళ్లీ గ్రీజు కూరవలసి రావడం వల్ల ఆ దారికి రీప్యాక్ అనే పేరే స్థిరపడింది. డిస్క్ బ్రేకులు వచ్చాక ఆ ఇబ్బంది పోయింది కాని వేడి సమస్య పోలేదు. పొడవైన దిగుడులో లివరును అదే పనిగా తేలికగా నొక్కి ఉంచితే ప్యాడ్లూ ద్రవమూ ఎడతెగకుండా వేడెక్కి, పట్టు సన్నగిల్లుతుంది. మలుపుకు ముందు గట్టిగా నొక్కి వేగం తగ్గించి, వెంటనే పూర్తిగా వదిలేస్తే డిస్కు చల్లబడడానికి వ్యవధి దొరుకుతుంది, చేతివేళ్లు కూడా అలసిపోవు.

కొత్త ప్యాడ్లు వేసిన రోజే కొండ దిగకూడదు. చదును నేల మీద ఓ మోస్తరు వేగం అందుకుని, చక్రం బిగుసుకుపోకుండా నడక వేగం దాకా తగ్గించడాన్ని ఇరవై సార్లు చేస్తే ప్యాడ్ పదార్థం డిస్కు మీద సమంగా పరుచుకుని పూర్తి పట్టు వస్తుంది. కొత్త డిస్కు మందం సాధారణంగా 1.8 మిల్లీమీటర్లు ఉంటుంది. అనుమతించిన కనీస మందం డిస్కు మీదే చెక్కి ఉంటుంది, ఎక్కువ వాటికి అది 1.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. చైనుకు స్ప్రే చేసిన నూనె తుంపర డిస్కు మీద పడితే ప్యాడ్లు పాడవుతాయి కనుక చైనుకు చుక్కల నూనెనే వాడాలి. బ్రేకు ద్రవంలో మినరల్ ఆయిల్, డాట్ అని రెండు జాతులున్నాయి. ఒకదానికి బదులు మరొకటి పోస్తే లోపలి సీళ్లు దెబ్బతిని బ్రేకు పూర్తిగా పోవచ్చు. లివరు మీద రాసి ఉన్నది చదవకుండా సీసా మూత తీయకూడదు.

కూర్చునే తీరు, వెంట ఉంచుకోవలసినవి

మడమను పెడల్ మీద ఉంచి కిందికి తొక్కినప్పుడు కాలు నిటారుగా సాగితే సీటు ఎత్తు ఇంచుమించు సరిపోయినట్టే. మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తే సీటు కిందికి ఉందనీ, వెనక భాగంలో వస్తే పైకి ఉందనీ సాధారణంగా అనుమానించాలి. ఏది మార్చినా రెండు మూడు మిల్లీమీటర్లకు మించి ఒకేసారి మార్చకూడదు. ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే అరచేతి అంచున పోయే నరం నలుగుతోందని అర్థం. బ్రేకు లివర్ల కోణాన్ని సరిచేసి మణికట్టు వంగకుండా చూసుకుంటే చాలావరకు తగ్గుతుంది. హ్యాండిల్ మరలను ఊహతో కాక బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించాలి. వాటికి ఎక్కువగా 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉండే పరిమితి ఆ భాగం మీదే రాసి ఉంటుంది, కార్బన్ భాగాలను అంతకు మించి బిగిస్తే బీటలు వారతాయి.

సంచిలో చైను విప్పే పరికరమున్న మల్టీటూల్, తెగిన చైనును కలిపే, దానికి సరిపోయే క్విక్ లింకులు రెండు, ప్లగ్గులు, ట్యూబు, టైరు లివర్లు, చేతి పంపు, హ్యాంగర్, కొన్ని జిప్ టైలు ఉండాలి. గ్యాసు సిలిండరు వేగంగా నింపుతుంది కాని ఒకసారికే పనికొస్తుంది కనుక పంపును మాత్రం వదలకూడదు.

ఒంటి ఓపిక

దూరం తొక్కే శక్తి వారానికొకసారి ప్రాణం పణంగా పెట్టి తొక్కడం వల్ల రాదు. వారం మొత్తం సాధనలో ఎక్కువ భాగం పక్కనున్నవారితో ఆగకుండా మాట్లాడగలిగినంత నెమ్మదిగా సాగాలి, ఒకటి రెండు సార్లు మాత్రం ఎక్కుడులో గట్టిగా శ్రమించాలి. వారాంతపు పెద్ద సవారీని కొద్దికొద్దిగా పొడిగిస్తూ, మూడు నాలుగు వారాలకొకసారి ఒక తేలిక వారం పెట్టుకుంటే శరీరం ఆ శ్రమను జీర్ణించుకుంటుంది.

ప్రయాణం రోజున అసలు పరీక్ష మొదటి గంటలోనే ఉంటుంది. కాళ్లు తాజాగా ఉంటాయి, ఉత్సాహం పొంగుతుంది, ముందున్నవారిని దాటాలనిపిస్తుంది. ఆ గంటలో శరీరం చక్కెర నిల్వలను తోడేస్తే చివరి గంటల్లో వాటిని తిరిగి నింపడం సాధ్యం కాదు. అందుచేత మొదటి ఎక్కుడును కావలసినదానికన్నా తేలికైన గేరులో, కూర్చునే, మాట తడబడని శ్వాసతో ఎక్కాలి.

ఆకలి వేసే వరకు ఆగకుండా మొదటి అరగంటలోనే తినడం మొదలుపెట్టాలి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం చాలామందికి సరిపోతుంది, మూడు గంటలు దాటే సవారీలో గ్లూకోజు, ఫ్రక్టోజు కలిసిన ఆహారంతో దాన్ని 90 గ్రాముల దాకా పెంచవచ్చు. అయితే పేగులకు కూడా అలవాటు కావాలి కనుక సాధనలో తినని దేనినీ ఆ రోజు తినకూడదు. నీటి అవసరం మనిషికీ వాతావరణానికీ తగ్గట్టు మారుతుంది. సాధన సవారీకి ముందూ తరువాతా బరువు చూసుకుంటే మీ లెక్క మీకే తెలుస్తుంది, ఎందుకంటే తగ్గిన ప్రతి కిలో సుమారు ఒక లీటరు నీటితో సమానం. దాహం లేకున్నా వట్టి నీటినే తాగుతూ పోవడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, అయోమయం కలుగుతాయి, చికిత్స అందకపోతే ప్రాణం మీదికి వస్తుంది. చెమట ఆరాక బట్టల మీద తెల్లని చారలు కనిపించేవారు ఉప్పు కలిసిన పానీయాన్ని తప్పక తీసుకెళ్లాలి.

చివర్లో వచ్చే దిగుడు దారుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అలసిన మనిషి చూపు చక్రం ముందున్న రాయి మీదికి దిగిపోతుంది, మోచేతులు బిగుసుకుంటాయి, నిర్ణయం ఒక క్షణం ఆలస్యమవుతుంది. పైన ఐదు నిమిషాలు ఆగి ఏదైనా తిని, చేతులు విదిలించుకుని, ఆ తరువాత మడమలు కిందికి దించి, మోచేతులు వంచి, చూపును దూరంగా నిలిపి దిగాలి. ఇల్లు చేరాక ఎంత అలసటగా ఉన్నా చైను తుడిచి, ఫోర్కు గొట్టాల మీది దుమ్ము మెత్తని గుడ్డతో తీసి, ఆ రోజు తొక్కిన గంటలనూ దారిలో వినిపించిన కొత్త చప్పుళ్లనూ పుస్తకంలో రాసుకోవాలి, ఎందుకంటే మర్నాటికి ఆ చప్పుడు ఏ గేరులో వచ్చిందో గుర్తుండదు.