రైన్ నదికి ఒక్కరోజు: పడవ కిందికి, రైలు పైకి

ఈ వారాంతం ఎండ కాస్తే జర్మనీలోని రైన్ నది లోయకు వెళ్ళిరండి. పడవ మాత్రం బింగెన్ ఊళ్ళో ఎక్కి సాంక్ట్ గోవార్ ఊళ్ళో దిగండి, అంటే ప్రవాహం వెంట. ఎదురెక్కే పడవ బాగా నెమ్మది. నది ఒడ్డున 132 మీటర్ల ఎత్తున్న లోరెలై బండ దగ్గరికొచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు! తిరుగు ప్రయాణం రైల్లో.

దేశమంతా చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే రైలుకు వేరే ఖర్చు లేదు. లేకపోతే, నలుగురైదుగురు కలిసి వెళ్తుంటే రైన్‌లాండ్-ఫాల్ట్స్ టికెట్ (ఆ రాష్ట్రపు ఒక్కరోజు టికెట్) చవక. ఐదుగురి దాకా ఒకే టికెట్. మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, శని ఆదివారాల్లో ఆ అడ్డు లేదు. ఈ రెండూ ప్రాంతీయ రైళ్ళకే. అదే పట్టాల మీద ఐసీలు (దూరప్రయాణపు వేగం రైళ్ళు) కూడా వస్తాయి, తొందరపడి ఎక్కారో జరిమానాయే. పడవకు టికెట్ విడిగా కొనాలి.

ఇంకోటి, రైలు రెండు ఒడ్డుల మీదా నడుస్తుంది గానీ మైన్జ్ దాటాక కోబ్లెంజ్ దాకా నది మీద వంతెనే లేదు. అవతలి ఒడ్డున దిగితే ఫెర్రీ కోసం కాచుక్కూర్చోవాలి. బింగెన్, బాఖరాఖ్, సాంక్ట్ గోవార్, బొప్పార్డ్ నాలుగూ ఎడమ ఒడ్డునే. పడవలు ఎక్కువగా వసంతం నుంచి అక్టోబర్ దాకానే.