బడ్జెట్‌లో మన ఊరికి కోత పడిందో లేదో ఎలా చూసుకోవాలి

ఫిబ్రవరి 1న ఒక చానెల్ పెడితే రైతుకి లక్షల కోట్లు అంటాడు, ఇంకో చానెల్లో రైతుకి కోత అంటాడు, ఎవరినీ నమ్మక్కర్లేదు, ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

కేంద్ర బడ్జెట్ సైట్‌లో ఖర్చుల పద్దు ఓపెన్ చేయండి, అందులో ఒక్కో శాఖ పద్దుకి ఒక డిమాండ్ నంబర్ ఉంటుంది, డిమాండ్ నంబర్ 1 వ్యవసాయ శాఖది. ఎరువుల సబ్సిడీ అందులో ఉండదు, ఎరువుల శాఖ పద్దు వేరే, చాలామంది ఇక్కడే తికమకపడతారు.

ప్రతి పథకం పక్కన నాలుగు గడులు ఉంటాయి, అందులో సవరించిన అంచనా, అంటే మొదట రాసిన అంకెని ఏడాది మధ్యలో మార్చి రాసే గడి మీద వేలు పెట్టండి, అసలు కథంతా అక్కడే. ఉపాధి హామీకి 2022-23లో మొదట 73,000 కోట్లు రాశారు, చాలక 89,400కి సవరించారు, మళ్ళీ 2023-24కి 60,000 అన్నారు. మొదటి 73,000తో పోలిస్తే 13 వేల కోట్లే తగ్గినట్టు, అదే సవరించిన అంకెతో చూస్తే 29,400 కోట్లు! తర్వాత దాన్నీ 86,000కి పెంచారనుకోండి, కానీ పెంచేదాకా ఊళ్ళో మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరు పడినా కూలీ డబ్బులు పడవు, చట్టంలో 15 రోజులని ఉన్నా సరే, దాంతో జనం పనికి రావడం మానేస్తే పని అడిగేవాళ్ళే లేరని రాసుకుంటారు.

అలాగని తగ్గిందల్లా కోత కాదు. ఎరువుల సబ్సిడీ 2022-23 సవరించిన అంచనాలో 2.25 లక్షల కోట్లు, మరుసటి ఏడాదికి 1.75 లక్షల కోట్లు. బయట దేశాల్లో రేట్లు దిగాయి కాబట్టి తగ్గింది, 45 కేజీల యూరియా బస్తా మాత్రం 266.50 దగ్గరే ఉంది.

అంకె కదలకపోయినా కోతే అయ్యేది ఇంకోటి. పీఎం కిసాన్ 2019లో ఏడాదికి 6,000, ఇన్నేళ్ళయినా అదే, మరి కూలి రేట్లు, డీజిల్ అప్పటిలాగే ఉన్నాయా?

పంట రేటు పడిపోతే కొనే పథకానికి 2022-23లో 1,500 కోట్లుంటే 2023-24లో లక్ష రూపాయలు పెట్టారు, లక్ష కోట్లు కాదండీ, లక్ష రూపాయలు. ఇలాంటిది కనబడితే వెంటనే గొడవ చేయకుండా వేరే పథకంలో కలిపారేమో చూడండి, దీన్ని తర్వాత పీఎం ఆశాలో, అంటే రైతుకి మద్దతు ధర దక్కేలా చూసే కేంద్ర పథకంలో కలిపారు.

రాష్ట్ర బడ్జెట్‌లో కేటాయింపు కన్నా విడుదల ముఖ్యం. మండల ఆఫీసులో సమాచార హక్కు కింద అడగండి, ఫీజు 5 రూపాయలే, పంచాయతీలో అయితే అదీ లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "నిధులు ఎందుకు రాలేదు" అని రాయకండి, "డ్రిప్‌కి ఈ ఏడాది ఎన్ని అప్లికేషన్లు వచ్చాయి, ఎన్ని మంజూరు చేశారు, ఎంత విడుదలైంది, ఏ తేదీన" అని అంకెలు అడగండి.